ఒడీలత్త డిక్కీలో దుప్పి

క్విబెక్‌లో డిసెంబరు ఒకటో తారీకుకల్లా ప్రతి కారుకీ నాలుగు స్నో టైర్లుండాలని చట్టం. నవంబరు ఆఖరు రోజు దాకా ఆ సంగతి ఎవరూ గుర్తు చేసుకోకూడదన్నది మా సెంట్ జెనోబీ ఊరివాళ్ళు సొంతంగా పెట్టుకున్న చట్టం. ఆ రోజు నోర్మాన్ మావయ్య టైర్ల షాపు ముందు కార్లు చర్చి గేటు దాకా బారు కడతాయి. ఆదివారం పూజకి కూడా ఇంతమంది రారని ఫాదరు గారే అన్నారు. తన కారులో, ఆ బారులోనే కూర్చుని అన్నారు.

నేను ఆ షాపులో ఎనిమిదేళ్ళుగా టైర్లు విప్పుతున్నాను, బిగిస్తున్నాను. బడి తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. చక్రాలతో మాట్లాడక్కర్లేదు. కారు పక్కన గొంతుక్కూర్చుంటే ఎవరూ మనల్ని చూడరు, మనకి మాత్రం అందరి బూట్లూ కనిపిస్తాయి, అందరి మాటలూ వినిపిస్తాయి. ఒడీలత్త కథ నాకు తెలిసింది అలాగే.

నాలుగేళ్ళ కిందటి నవంబరు ముప్పైన ఆమె బారులో నిలబడకుండా పక్కనించి వచ్చి, హారను కొడుతూ షాపు లోపలికే తెచ్చి పెట్టింది బండిని. పసుప్పచ్చ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, నేలకి జానెడు ఎత్తు, పొడుగాటి ముక్కు. ఇంజను ముందు, తోసేది వెనక చక్రాలు. మా దగ్గర ఇలాంటి బండ్లు అక్టోబరు చివర్లో గుడ్డ డేరాలోకి దూరి ఈస్టర్‌కి పైకి లేస్తాయి. యేసుప్రభువుకి మూడు రోజులు సరిపోయాయి, వీటికి ఆరు నెలలు కావాలి.

మావయ్య కాఫీ కప్పు కింద పెట్టాడు. "ఏం ఒడీల్, దారి తప్పావా? బీచి అటు వైపు."

"నవ్వింది చాల్లే. దీనికి స్నో టైర్లు వెయ్యి."

"దేనికి?"

"మీ అత్తగారికి! దీనికేనయ్యా!"

"నీ వ్యానేదీ?"

"మొన్న వంతెన మీద దాని నేల ఊడిపోయింది. కాలి కింద బ్రేకుందో రోడ్డుందో తెలీలేదు. రెండూ తొక్కి చూశా. ఆగింది."

ఇరవయ్యేళ్ళు ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగిన ఇనుము అంతకంటే మర్యాదగా చావదు.

ఒడీల్ బూలియాన్‌కి అప్పుడు అరవై ఒకటి. ఊరంతా ఆమెని అత్తా అంటుంది, నిజమైన మేనల్లుళ్ళు మాత్రం మేడమ్ అంటారు, భయం కొద్దీ. ఇరవై రెండేళ్ళుగా, ఊరి పైన పొలాల వెంబడి పోయే ఆరో వరస రోడ్డు మీద ఉత్తరాలు పంచే పని ఆమెదే. నూట నలభై మూడు డబ్బాలు. పోస్టువాళ్ళ ఒప్పందంలో మొదటి షరతే సొంత బండి ఉండాలని. ఇంకో బండి కొనే స్తోమత ఆమెకి లేదు. ఉన్నది ఈ పసుప్పచ్చదొక్కటే. అది మొగుడి దగ్గరనించి విడాకుల్లో వచ్చింది.

ఆ మొగుడి పేరు రొజేర్. జపమాల అని అర్థం. పూర్వం మా దగ్గర పిల్లలకి అలాంటి పేర్లు పెట్టేవాళ్ళు. పాతికేళ్ళు ఆ జపమాల తిప్పినా ఏ దేవుడూ పలకలేదని ఒడీలత్త దాన్ని పక్కన పెట్టేసింది. ఇల్లు కావాలా కారు కావాలా అని లాయరు అడిగితే, "కారులో వాళ్ళమ్మ ఫోటోలు లేవు. కారే" అంది. రొజేర్‌కి ఆ బండంటే ప్రాణం. పెళ్ళిరోజు మర్చిపోయేవాడు, ఆ బండికి ఆయిలు మార్చిన రోజు మర్చిపోయేవాడు కాదు. అప్పటినించి ఆమె బేకరీ మీది గదిలోనూ, అతను ఫాదరు గట్టు మీద ఇంట్లోనూ ఉంటున్నారు.

ఫాదరు గట్టంటే చర్చి పక్కనించి ఆరో వరసకి ఎక్కే ఏటవాలు. ఒకప్పుడు ఓ ఫాదరు గారు ఆ వాలు మీద స్లెడ్జి బండితో సహా కిందికి జారుతూ, చర్చిలో ఉన్న సామానంతా వరసగా పేరు పేరునా తిట్టుకున్నారట. మాకు కోపమొస్తే తల్లినీ చెల్లినీ అనం. పానపాత్రా అంటాం, మందసమా అంటాం, మరీ ఒళ్ళు మండితే ఆ రెండూ కలిపి పైన సత్ప్రసాదం వేస్తాం. ఆ రోజునించే ఊళ్ళో అందరికీ తిట్టే హక్కు వచ్చిందని పెద్దవాళ్ళు చెప్తారు.

రొజేర్ కూడా ఆ రోజు బారులోనే ఉన్నాడు. పసుప్పచ్చ రంగు కనిపించగానే తన ట్రక్కు దిగి లోపలికొచ్చాడు. నాకు ముందు బూట్లు కనిపించాయి, తర్వాత పొట్ట కనిపించింది.

"ఏమే, నా బండికి ఉప్పు పూయిస్తావా?"

"నీ బండా? కాగితం మీద ఎవరి పేరుందో చదవలేవా? కళ్ళజోడు ఇవ్వనా?"

"వెనక చక్రాల బండి మంచులో నడవదే తల్లీ, డాన్సు చేస్తుంది. గట్టు సగం ఎక్కి, తోక ముందుకీ ముక్కు వెనక్కీ పెట్టుకుని దిగొస్తావు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చుంటా."

"చూడు. నీకు వేరే పనేముంది?"

"ఎన్నాళ్ళు ఎక్కుతావో అదీ చూస్తా."

"మార్చి పదిహేను దాకా ఎక్కుతా. స్నో టైర్ల చట్టం ఉన్నన్నాళ్ళూ. పోస్టున్న ఏ ఒక్క రోజు నీ డబ్బాలో ఉత్తరం పడకపోయినా బండి నీదే, తాళం నేనే తెచ్చిస్తా."

షాపులో గాలి రెంచీ ఆగిపోయింది. ఆపింది నేనే.

"ఎవరూ తొయ్యకూడదు" అన్నాడు రొజేర్. "తాడు కట్టి లాగించుకోకూడదు. నడిచొచ్చి వెయ్యకూడదు. సాయంత్రం నాలుగు లోపల ఉత్తరం పడాలి."

"సరే. పడితే?"

"పడితే నీ ఇష్టం."

"ఈస్టర్ ఆదివారం పూజ అయ్యాక, చర్చి మెట్ల ముందు, ఊరంతా చూస్తుండగా దీన్ని కడిగి మైనం పట్టించాలి. చేత్తో. టై కట్టుకుని."

కాఫీ మిషను ముందు చేతులు కలిపారు. మా షాపులో అది నోటరీ సంతకం కన్నా గట్టిది. నోటరీ దగ్గర సాక్షులు ఇద్దరే ఉంటారు, ఇక్కడ బారులో నలభై మంది ఉన్నారు.

రొజేర్ వెళ్ళాక ఆమె మొహం చూశాను. నవ్వు అలాగే ఉంది గానీ చెయ్యి మాత్రం కారు కప్పు మీద ఉంది, గుర్రం మెడ మీద వేసినట్టు. ఆ బండి పోతే ఆరో వరసా పోతుంది. ఆరో వరస పోతే ఆమెకి పొద్దున్నే లేవడానికి కారణముండదు.

ఆ కొలత టైర్లు స్టోరు గదిలో అడుగునెక్కడో నాలుగు దొరికాయి. అవి ఎప్పుడు తెప్పించాడో మావయ్యకే గుర్తు లేదు. పక్కన స్నో టైరని చెప్పే కొండ బొమ్మ, మంచు పువ్వు గుర్తు ఉన్నాయి, గాడులు లోతుగా ఉన్నాయి, రబ్బరు గోరుతో నొక్కితే లొంగుతోంది. ఆ గుర్తులుంటే చాలు, రబ్బరు చలిలోనూ రాయిలా బిగుసుకోదు.

"రెండు వెయ్యి అలిజే" అంది ఒడీలత్త నాతో. "తోసేవి వెనకవేగా. ముందువి ఊరికే దొర్లుతాయి, వాటికెందుకు దండగ?"

నేను మావయ్య వైపు చూశాను. ఆయన బయట ఎవరితోనో ఉన్నాడు. రెంచీ కింద పెట్టి నేనే చెప్పాను.

"చట్టం నాలుగూ ఉండాలంటుంది అత్తా. అదొక్కటే కాదు. వెనకవి తోస్తాయి. ముందువి తిప్పుతాయి, ఆపుతాయి. రెండే వేస్తే గట్టు ఎక్కుతారు. ఎక్కాక మలుపు దగ్గర స్టీరింగు తిప్పుతారు, బండి తిరగదు. తిన్నగా ఫాదరు గారి వంటింట్లోకి పోతారు."

"వంటింట్లో ఏముంటుందీ?"

"వాళ్ళక్కగారు."

"అమ్మో. నాలుగూ వెయ్యి."

నా జన్మలో ఒక మనిషితో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఆ ధ్యాసలో ఒక నట్టు రెండుసార్లు బిగించాను.

వెళ్ళేటప్పుడు మావయ్య ఒక మాట అన్నాడు. "ఇంజను బరువంతా ముక్కు మీదుంది ఒడీల్. తోక ఖాళీ. డిక్కీలో రెండు మూడు ఇసక బస్తాలు పడెయ్."

"ఇసకెందుకు? నా దగ్గర దుప్పి ఉందిగా."

మా అడవి దుప్పి అంటే గుర్రం కన్నా ఎత్తు. అక్టోబరులో ఒడీలత్తా, బేకరీ ఆమే కలిసి ఒకదాన్ని తుపాకీతో కొట్టారు. వాటా పంచుకోగా ఆమెకి ఎనభై కిలోల మాంసం వచ్చింది. బేకరీ మీద గదిలో ఫ్రిజ్జు చెప్పుల పెట్టంత. చలికాలంలో మా కార్ల డిక్కీ దేవుడిచ్చిన ఫ్రీజరు. గులాబీ రంగు కాగితంలో చుట్టిన పొట్లాలన్నీ ఆమె వెనక చక్రాల మీదికి వచ్చేలా ఇటికల్లా పేర్చింది. పైన గొంగడి కప్పింది. ఇసకా దండగ కాదు, చోటూ దండగ కాదు. మావయ్య తల ఊపాడు. నేనూ ఊపాను. ఆ తల ఊపడాన్ని నేను తర్వాత చాలా రోజులు గుర్తు చేసుకున్నాను.

డిసెంబరంతా ఆ బండి చూడ్డానికి జనం కిటికీల దగ్గర కూర్చున్నారు. షాపు సరిగ్గా గట్టు అడుగునే ఉంది కాబట్టి నాకు కిటికీ కూడా అక్కర్లేదు. మంచు తోసే లారీ పైకి వెళ్ళిన పావుగంటకి పసుప్పచ్చ ముక్కు వచ్చేది. గేరు రెండులో, ఇంజను గుసగుసలాడుతున్నట్టు, ఆగకుండా, తొందరపడకుండా ఎక్కేది. నడిపే పద్ధతి ఆమెకి తెలుసు. కాలు పెడలు మీద గుడ్డు ఉన్నట్టు ఆనించేది. మలుపులో తోక కొంచెం బయటికి జారితే స్టీరింగు అటే తిప్పి, ఏమీ జరగనట్టు మొహం పెట్టేది.

తిప్పలు వేరే చోట వచ్చాయి. ఉత్తరాల డబ్బాలు రోడ్డుకి కుడి పక్కన, ట్రక్కుల ఎత్తుకి ఉంటాయి. ఆమె కూర్చునేది ఎడమ పక్కన, మనిషి మోకాలి ఎత్తులో. మంచు గట్ల మధ్య ఆ బండి గాడిలో పడ్డ బంగాళాదుంపలా కనిపించేది. అందుకని హాకీ కర్ర చివర రెండు బట్టల క్లిప్పులు కట్టింది. కుడి కిటికీలోంచి కర్ర పైకి లేచేది, క్లిప్పుకి కరెంటు బిల్లు వేలాడేది, డబ్బా నోట్లో పెట్టి ఒక్క కుదుపు కుదిపేది. వారంలో ఆమె చెయ్యి తిరిగిపోయింది. పెంపుడు కుక్కలకి మాత్రం పిచ్చెక్కింది.

రొజేర్ ఊరుకోలేదు. ముందు తన డబ్బా స్తంభాన్ని ఇంకో మూరెడు పెంచాడు. ఆమె తన కర్రకి చీపురు పిడి అతికించింది. తర్వాత, తనకి ఉత్తరం లేని రోజు పందెం లెక్కలోకి రాదని గ్రహించి, రోజూ ఏదో ఒకటి వచ్చేలా తొమ్మిది పత్రికలకి చందా కట్టాడు. వాటిలో ఒకటి ఊలు అల్లికల పత్రిక.

"ఏం రొజేర్, ఈ నెల మేజోళ్ళు ఎలా కుదిరాయి?" అని కిటికీలోంచి అరిచేది.

"మడమ దగ్గర బిగుతయ్యింది!" అని లోపలినించి అరిచేవాడు. నిజంగానే అల్లుతున్నాడని తర్వాత తెలిసింది.

జనవరి సగం గడిచాక ఒక రోజు ఆమె షాపుకొచ్చింది. నవ్వు లేదు.

"నోర్మాన్, ఈ టైర్లు గుండైపోతున్నాయి. తోక తిరుగుతోంది."

"నెలన్నరకేనా?"

"మలుపు దగ్గర ఇవాళ నా తోకే నన్ను దాటిపోదామని చూసింది. ఈ పిల్ల సరిగ్గా వేసిందా?"

ఆ పిల్లని నేనే. జాకీ ఎత్తి నాలుగూ చూశాను. గాడిలో నాణెం నిలబెట్టి కొలిచాను. గాలి కొలిచాను, తూకం చూశాను, నట్లు చూశాను. ఏ లోపమూ లేదు. అదే చెప్పాను, నేల వైపు చూస్తూ. నేల వైపు చూసి చెప్పే మాట ఎవరు నమ్ముతారు? మావయ్య కూడా మళ్ళీ కొలిచాడు. వారం తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది, ఆ పై వారం మళ్ళీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నాకో పొట్లం ఇచ్చేది, గులాబీ కాగితంలో.

"తిను. చిక్కి సగమయ్యావు. నీ తప్పుందని నేననట్లేదే అలిజే, టైర్ల తప్పుందంటున్నా."

నేను ఆ మాంసం ఉల్లిపాయలతో వండుకుని తింటూ, పడుకునే దాకా టైర్ల గురించి ఆలోచించేదాన్ని. ఎదురుగా పళ్ళెంలో జవాబు పెట్టుకుని.

ఫిబ్రవరి ఇరవై ఆరున వాన పడింది. మంచు కాదు, వానే. పడ్డది పడ్డట్టే గడ్డ కట్టే వాన. పొద్దున తొమ్మిదికల్లా ఊరికి గాజు పూత పూసినట్టుంది. ఉప్పు లారీ పెద్ద రోడ్డు మీదుంది, సాయంత్రం దాకా మా వైపు రాదన్నారు. పది దాటాక పసుప్పచ్చ ముక్కు గట్టు కింద ఆగింది. ఒక్క నిమిషం ఆగి ఎక్కింది.

సగం దాకా వచ్చింది. వెనక చక్రాలు ఒక్కచోటే గిర్రున తిరిగాయి, తోక ఊగింది, బండి మెల్లగా, చాలా మర్యాదగా, వెనక్కి జారి కిందికొచ్చింది. రెండోసారి ఇంకాస్త కిందే ఆగిపోయింది. మూడోసారి అడ్డంగా తిరిగి ఫాదరు గారి కంచెని ముద్దు పెట్టుకుంది. కంచె వెనకనించి వాళ్ళక్కగారి గొంతు వినిపించింది. చర్చి సామాను ఆవిడకి మా కన్నా బాగా తెలుసు.

గట్టు మీద రొజేర్ మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫ్లాస్కు తెచ్చుకున్నాడు. ఒళ్ళో ఊలు ఉంది.

"తాళం పైకి విసురుతావా, నేనే దిగి రానా?"

"దిగు! జారి పడితే నీ పేరు పెట్టుకుంటాం ఈ గట్టుకి!"

షాపులో వాళ్ళందరం బయటికొచ్చేశాం. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆమె స్టీరింగు వదల్లేదు. పెదవి కొరుక్కుంటోంది. ఆమెని అలా ఎప్పుడూ చూడలేదు.

"పార తియ్యి అలిజే" అంది మెల్లగా. "డిక్కీలో ఉంది. చక్రాల కింద గీరి చూద్దాం."

డిక్కీ తెరిచాను. గొంగడి తీశాను. కింద పార ఉంది. పార పక్కన గులాబీ పొట్లం ఒక్కటుంది. ఒక్కటే.

మావయ్య "ఏమైందే?" అన్నాడు.

మూడు నెలలుగా ఆమె వారానికి రెండు పొట్లాలు తింటోంది. దారిలో పొయ్యి సరిగ్గా మండనివాళ్ళకి ఒకటి, కాలు విరిగినవాళ్ళకి ఒకటి, పుట్టినరోజున్న వాళ్ళకి ఒకటి, మొగుడు పోయినావిడకి రెండు ఇస్తూ వచ్చింది. నాకు మూడు ఇచ్చింది. ఆరో వరసంతా కలిసి ఆ బండి తోకని కొంచెం కొంచెంగా తినేశాం.

"అత్తా" అన్నాను. అందరూ నా వైపే చూస్తున్నారు. కళ్ళు మూసుకుని చెప్పేశాను. "టైర్లు బానే ఉన్నాయి. మీరు దుప్పిని తినేశారు."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ముందు మావయ్యకి అర్థమైంది. "పానపాత్రా!" అని నుదురు కొట్టుకున్నాడు. ఒడీలత్త దిగి వచ్చి డిక్కీలోకి తొంగి చూసింది.

"మందసమా..." అంది. "నేనింకా సగముందనుకుంటున్నా. చెయ్యి పెడితే తగుల్తూనే ఉంది కదా!"

"తగిలింది పార అత్తా."

ఇసక బస్తాలు ముందు రోజే ఊళ్ళో అయిపోయాయి. పంచాయతీ ఇసక గుట్ట మీద గునపం వేస్తే గునపమే వంగింది. మావయ్య నూట పది కిలోలుంటాడు, తనే డిక్కీలో కూర్చుంటానన్నాడు. ప్రయత్నించాడు కూడా. ఒక కాలు పట్టింది. ఆ కాలు బయటికి తియ్యడానికి ముగ్గురు పట్టారు. పైనించి రొజేర్ నవ్వు గట్టంతా దొర్లుతూ కిందికొచ్చింది.

"పిచ్చిమొహం" అంది ఒడీలత్త పైకి చూస్తూ. "ఊలు చాలక వాడికి ఇప్పుడు కసరత్తు మీద పడింది. ఇనప బిళ్ళలు తెప్పించాడు, బరువులెత్తడానికి. బీరు సీసా తప్ప ఏదీ ఎత్తడు జన్మలో. నా నడుం విరగ్గొట్టడానికే, ఇంకెందుకు? ఒక్కో పెట్టె ఇరవై తొమ్మిది కిలోలు. ముప్పై దాటితే పోస్టు తీసుకోదుగా, లెక్క చూసుకుని మరీ! వచ్చి తీసుకుపొమ్మని చీటీ వేసి కౌంటరు వెనక పడేశా."

"ఎన్ని పెట్టెలు అత్తా?" అన్నాను.

"మూడు."

పోస్టాఫీసు మా షాపు పక్కనే. అందరం ఒకేసారి అటు నడిచాం, జారుతూ, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుంటూ.

మూడు పెట్టెలూ వెనక చక్రాల మీదికి వచ్చేలా పెట్టి, కదలకుండా నేను కట్టాను. పారతో గీరిన చోట పొయ్యిలోని బూడిద చల్లాం. "నువ్వూ ఎక్కు" అంది ఒడీలత్త. "నువ్వే కనిపెట్టావు, నువ్వే పక్కన కూర్చుని చావు." ఒళ్ళో ఉత్తరాల సంచి, కాళ్ళ మధ్య హాకీ కర్ర పెట్టుకుని కూర్చున్నాను. అంత కిందనించి లోకాన్ని ఎప్పుడూ చూడలేదు. అందరి బూట్లూ కనిపిస్తున్నాయి, నాకు ప్రాణం లేచొచ్చింది.

గేరు రెండు. పెడలు మీద గుడ్డు. బండి కదిలింది. ఇందాక ఆగిన చోటు వచ్చింది, వెనక చక్రాలు ఒక్కసారి ఉలిక్కిపడి, కింద దేన్నో పట్టుకున్నాయి. నా వీపు కింద ఆ పట్టు తెలిసింది. నేను నొక్కి చూసిన రబ్బరు అది. మలుపు దగ్గర ఆమె స్టీరింగు తిప్పింది, ముందు చక్రాలు తిరిగాయి, ఫాదరు గారి వంటిల్లు మా పక్కనించి అలా వెళ్ళిపోయింది. ఆమె ఊపిరి తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు. పైకి వచ్చాక ఇద్దరం ఒకేసారి తీసుకున్నాం, అద్దాలన్నీ ఆవిరి పట్టేశాయి.

రొజేర్ కుర్చీలోంచి లేచాడు. ఆమె కిటికీ దించి, కర్ర ఎత్తి, ఊలు పత్రిక డబ్బాలో వేసింది. టైము పన్నెండున్నర.

"బూడిద చల్లారు" అన్నాడు.

"చల్లకూడదని అనలేదు. సంతకం పెట్టు, నీకు పార్సిళ్ళున్నాయి. మూడు."

అతను వచ్చి డిక్కీలోకి చూశాడు. తన పెట్టెలు చూశాడు. వాటిని ఆమె గట్టు మీదికి మోసుకొచ్చిందని మాత్రమే అర్థమైంది, ఎందుకు మోసుకొచ్చిందో అర్థం కాలేదు. అతని మొహం వెలిగిపోయింది.

ఒడీలత్త నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. అతను సంతకం పెట్టి పెట్టెలు దింపుకుంటే రేపు తోక మళ్ళీ ఖాళీ.

"అయ్యో, త్వరగా దింపుకో నాయనా" అందామె, నడుం పట్టుకుని. అలాంటి గొంతు ఆమెకుందని నాకు తెలీదు. "నా నడుం విరిగింది. మళ్ళీ కిందికి మొయ్యలేను."

"మొయ్యలేవా?"

"మొయ్యలేను రొజేర్. దణ్ణం పెడతా."

"అయితే నాకొద్దు" అన్నాడు. చెయ్యి కూడా ఊపాడు. "తీసుకోనని రాసుకో. వెనక్కి పంపించు."

"నిజంగానా?"

"నిజంగానే. మొయ్యి!"

తీసుకోను అన్న పెట్టెని పోస్టువాళ్ళు పదిహేను రోజులు ఉంచి, అప్పుడు పంపినవాళ్ళకి తిప్పి పంపాలి. ఎక్కడ ఉంచాలో రూల్లో లేదు. ఒడీలత్త చీటీ మీద ఆ తారీకు వేసి, అతని చేతే సంతకం పెట్టించి, డిక్కీ మూసింది. కిందికి దిగేటప్పుడు మలుపు దాటేదాకా ఆపుకుంది. దాటాక బండి రోడ్డు మధ్యలో ఆపేసి, స్టీరింగు మీద తల పెట్టి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. నన్ను గుద్దింది. నేను కూడా గట్టిగానే నవ్వి ఉంటాను, కంచె దగ్గర ఫాదరు గారి అక్క నోరు తెరుచుకుని చూస్తోంది.

ఆ పెట్టెలు మార్చి పదమూడు దాకా గట్టెక్కాయి, దిగాయి. మిగిలిన రెండు రోజుల కోసం మావయ్య ఇసక తెప్పించాడు. పదిహేనో తారీకున ఆమె చివరి ఉత్తరంతో పాటు మిగిలిన గులాబీ పొట్లం కూడా క్లిప్పుకి తగిలించి రొజేర్ డబ్బాలో పెట్టింది. ఆరో వరసలో దుప్పి ముట్టనిది అతనొక్కడే. మిగిలిన పొట్లంలో ఉన్నది దాని నాలుక.

ఈస్టర్ ఆదివారం ఎండ బాగా కాసింది. పూజ అయ్యాక ఫాదరు గారితో సహా అందరూ మెట్ల మీద నిలబడ్డారు. రొజేర్ టై కట్టుకుని వచ్చాడు. బకెట్టు తెచ్చుకున్నాడు. కడిగాడు, మైనం పట్టించాడు, తలుపుల సందుల్లో కూడా వేలు పెట్టి తుడిచాడు. కడుగుతున్నంతసేపూ ఆ బండితో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు, మాకు వినపడకుండా. చక్రాల దగ్గరికొచ్చేసరికి ఒక టైరు గాడిలో గోరు పెట్టి చూసి, నా వైపు తిరిగాడు.

"ఇవి ఎవరు వేశారు?"

"నేనే" అన్నాను.

"ఊఁ" అన్నాడు. మళ్ళీ తుడవడం మొదలెట్టాడు.

అంతా అయ్యాక ఒడీలత్త బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"నాలుక ఎలా ఉంది?"

"ఉప్పు తక్కువైంది."

"నీకెప్పుడూ అంతే" అని తాళం తిప్పింది.

ఆరో వరస ఇంకా ఆమెదే. ప్రతి నవంబరు ముప్పైకీ బారు తప్పించుకుని పక్కనించి వస్తుంది, హారను కొడుతూ. నాలుగు టైర్లూ వేశాక నేను డిక్కీ తెరిచి నా చేత్తో ఇసక బస్తాలు పెడతాను. వాటిని ఎవరికీ పంచిపెట్టనని ఆమె చేత ఒట్టు వేయించుకుంటాను.